ఖాళీ జేబుతో మహానగరంలో

రాత్రివేళ ఏలూరు, తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్లలో హైదరాబాదు బండి కోసం వేచి ఉండే యువకులను మనమంతా చూస్తూనే ఉంటాము. భుజాన ఒక సంచి, అందులో ధ్రువపత్రాలు, అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం, నీళ్ల సీసా. కైకలూరు, ఆకివీడు స్టేషన్లలో కొల్లేటి లంక గ్రామాల పిల్లలు కూడా ఇలాగే రైలెక్కుతారు. మరునాడు పరీక్షో ఇంటర్వ్యూయో ముగించుకొని అదే సాయంత్రం తిరుగు ప్రయాణమవుతారు. 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెళ్లిన ఆ మహానగరంలో వారు చూసేది స్టేషనూ, పరీక్షా కేంద్రమూ మాత్రమే.

కారణమడిగితే ఒకటే జవాబు: చేతిలో డబ్బు లేదు. అది నిజమే. కాని డబ్బు లేమి కంటే భయమే వారిని ఎక్కువగా వెనక్కు లాగుతున్నదని మేము భావిస్తున్నాము. నగరం డబ్బున్నవారిదనీ, జేబు ఖాళీగా ఉన్నవాడు అక్కడ నిలబడటానికి కూడా అర్హుడు కాడనీ మన ఇళ్లలో తెలియకుండానే పిల్లలకు నూరిపోస్తున్నాము. రేపు ఆ నగరంలోనే చదువుకోవలసినవారు, ఉద్యోగం చేయవలసినవారు ఈ భయంతోనే వెనుదిరిగి వస్తున్నారు. ఈ విషయాన్ని మన ధర్మం ఏ దృష్టితో చూస్తుందో, ఆచరణలో ఏమి చేయవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

బాటసారికి ఒక హక్కు ఉన్నది

జకాత్ ఎవరికి చెందుతుందో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. వారిలో ఒకడు ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి. అతడు సొంత ఊరిలో కలిగినవాడే కావచ్చు. అయినా పరాయిచోట చేతిలో ఏమీ లేకుండా చిక్కుకుంటే, అతని అవసరం తీర్చటం సమాజం బాధ్యత అని ధర్మవేత్తలు వివరించారు. ఊరుగాని ఊరిలో ఖాళీ జేబుతో నిలబడినవాడు అంత మాత్రాన బిచ్చగాడు కాడు. అతనికొక పేరున్నది, ఒక స్థానమున్నది.

ముస్లిముల నగరాలు చాలాకాలం ఈ భావన మీదనే నడిచాయి. 1325లో 21 ఏళ్ల వయసులో టాంజియర్ నుంచి ఒంటరిగా బయలుదేరిన ఇబ్నె బతూతా మరుసటి ఏడాది దమిష్క్ చేరుకున్నాడు. అక్కడి వఖ్ఫుల గురించి అతడు రాసినది నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. బాటసారులకు తిండి, బట్ట, స్వస్థలం చేరటానికి దారి ఖర్చు ఇచ్చే వఖ్ఫులు అక్కడ ఉండేవి. ఒక సేవకుడైన బాలుడు వీధిలో చైనా పింగాణీ పళ్లెం జారవిడిచి పగలగొట్టుకున్నాడు. యజమానికి ఏమి చెప్పాలో తెలియక నిలబడిపోతే, చుట్టూ చేరినవారు ఆ ముక్కలను ఏరించి, పగిలిన పాత్రలకు బదులు ఇచ్చే వఖ్ఫు అధికారి వద్దకు తీసుకుపోయారు. అతనికి కొత్త పళ్లెం వెల దొరికింది.

మన దక్కనులోనూ ఇదే ఆనవాయితీ. గోలకొండకు వచ్చే బాటసారుల కోసం కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన షేక్‌పేట సరాయి నేటికీ నిలిచి ఉన్నది. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుష్షిఫా ఆస్పత్రిలో రోగులకు ఉచితంగా వైద్యం అందేది.

"బజారు దారి చూపించండి"

హక్కు ఉన్నదని చేయి చాచి కూర్చోవటం మన పూర్వులు నేర్పిన పద్ధతి కాదు. మక్కాలో ఆస్తినంతా వదులుకొని మదీనా చేరిన ముహాజిర్లలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకరు. దైవప్రవక్త (స) ఆయనను అన్సార్లలో సంపన్నులైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)తో సోదరులుగా జతపరిచారు. సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలో శుభం కలగాలని దుఆ చేసి, బజారు ఎక్కడున్నదో చూపించమని మాత్రమే కోరారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్లి, ఆ రోజే కాస్త ఎండు జున్ను, నెయ్యి మిగుల్చుకొని తిరిగి వచ్చారు. కొద్దికాలంలోనే ఆయన వివాహం చేసుకోగలిగారు. కొత్త ఊరిలో కాలు పెట్టిన మొదటిరోజు ఆయన అడిగినది దారి మాత్రమే.

మన కొల్లేటి సీమకు పక్కనే ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమూ ఇలాంటిదే. బీదరికంలో పెరిగిన ఆయన చిన్నతనంలోనే కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. పెద్దలు వెదికి వెనక్కు తీసుకువచ్చారు. మద్రాసులో వైద్యవిద్య ముగించాక, కాకినాడ ప్రాంతపు సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను, మామగారి సహాయంతోను అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. చేతిలో డబ్బు బహు స్వల్పం. అక్కడ ఒక ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేస్తూ పగలు హార్వర్డ్‌లో చదువుకున్నారు. తరువాతి కాలంలో ఆయన నేతృత్వంలో జరిగిన పరిశోధనలలో బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మందు ఒకటి. మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన ఆ మాత్ర వెనుక, పరాయి నగరంలో ఏ పనినీ చిన్నదిగా చూడని ఒక మన ప్రాంతం మనిషి ఉన్నాడు.

నాంపల్లి నుంచి చార్మినార్ దాకా

ఇక హైదరాబాదు సంగతి. నాంపల్లి స్టేషనులో దిగిన యువకుని వద్ద తిరుగు టికెట్టు డబ్బు పోగా కొద్దిపాటి చిల్లర మాత్రమే ఉన్నదనుకుందాము. పరీక్ష ముగిసిన మరునాడు ఒక పగలు అతని చేతిలో ఉన్నది. కాళ్లలో సత్తువ ఉంటే ఆ పగలు చాలు. నాంపల్లి నుంచి చార్మినార్‌కు నాలుగైదు కిలోమీటర్లే దూరం.

ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరాలి. ముందుగా 1935 నాటి రాతి కట్టడం మొజంజాహీ మార్కెట్టు వస్తుంది. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ చేరితే, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మూసీ ఒడ్డున కనిపిస్తుంది. ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పత్రికలు అక్కడ కూర్చొని చదువుకోవచ్చు. దానికి దగ్గరలోనే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరదలో వేలాది మంది ప్రాణాలు కోల్పోగా, సుమారు 150 మంది ఈ చెట్టెక్కి బతికారు. ఏటా కొల్లేటికి వరద పోటెత్తినప్పుడు గట్ల మీద రాత్రులు గడిపే మన లంక గ్రామాల పిల్లవానికి ఆ చెట్టు ఎవరూ వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది. ఆ వరద తరువాతనే నగర రక్షణకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు.

నయాపుల్ దాటగానే ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. ఒకే ఒక్క టికెట్టుకు డబ్బుంటే ఇక్కడే ఖర్చు చేయటం మంచిది. పురాతన ఖుర్ఆన్ చేతిరాత ప్రతులు, గంట గంటకూ జనం గుమిగూడి చూసే గడియారం అక్కడున్నాయి. శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. తిరిగి పెద్ద రోడ్డెక్కి మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా నడిస్తే 1591 నాటి చార్మినార్ ఎదురవుతుంది. పైకెక్కటానికి టికెట్టు కావాలి. కింద నిలబడి చూడటానికి అక్కరలేదు. పక్కనే 1617లో పునాది పడి 1694లో పూర్తయిన మక్కా మసీదు. జుహర్ నమాజు జమాఅత్‌లో నిలబడిన ఆ యువకుడిని ఏ ఊరివాడవని, ఎంత సంపాదిస్తావని అడిగేవారెవరూ ఉండరు. భుజానికి భుజం కలిపి నిలబడిన ఆ కొద్ది నిమిషాలలో నగరం అతనికి పరాయిది కాకుండా పోతుంది.

మధ్యాహ్న భోజనానికి 5 రూపాయలు చాలు. మన రాష్ట్రంలోని అన్న క్యాంటీన్లలాగే హైదరాబాదు నగరపాలక సంస్థ 2014 నుంచి 5 రూపాయల భోజన కేంద్రాలు నడుపుతున్నది. దూరం వెళ్లవలసి వస్తే ఎం.ఎం.టి.ఎస్. రైలు అన్నిటికంటే చౌక. అయితే టికెట్టు లేకుండా ఎక్కరాదు. పట్టుబడితే చార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా పడుతుంది. పట్టుబడకపోయినా అది ప్రజల సొమ్ము. బీదతనం దానిని హలాల్ చేయదు.

ఆకలిని దాచిన రోజు

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. డబ్బు అయిపోయిన పిల్లలు ఆ సంగతి ఇంటికి చెప్పరు. "తిన్నాను అమ్మీ" అని ఫోనులో చెప్పి, స్టేషను కుళాయి నీళ్లు తాగి పడుకుంటారు. ఈ మొహమాటంలోనే కొందరు ఫోనులో క్షణాలలో అప్పిచ్చే యాప్‌ల వలలో పడతారు. ముందుగా కొంత సొమ్ము కడితే ఉద్యోగమిప్పిస్తామనే దళారుల మాట నమ్మి, ఇంటివద్ద అప్పు చేయించి పంపించుకుంటారు. ఖాళీ జేబు ఒక పూట కష్టపెడుతుంది. దానిని దాచుకోవటం వల్ల ఏళ్ల తరబడి తీరని బాకీ నెత్తిన పడవచ్చు.

హజ్రత్ అబూ హురైరా (రజి) మస్జిదె నబవీలోని సుఫ్ఫాలో తలదాచుకున్న నిరుపేదలలో ఒకరు. ఒకనాడు ఆకలికి తాళలేక దారి పక్కన కూర్చున్నారు. నోరు తెరిచి అడగలేక, దారిన పోతున్న హజ్రత్ అబూబక్ర్ (రజి)ని ఒక ఆయతు గురించి ప్రశ్నించారు. తనను ఇంటికి పిలుస్తారేమోనన్నదే ఆయన ఆశ. హజ్రత్ అబూబక్ర్ (రజి) జవాబు చెప్పి వెళ్లిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) విషయంలోనూ అదే జరిగింది. తరువాత వచ్చిన దైవప్రవక్త (స) ఆయన ముఖం చూసి చిరునవ్వు నవ్వారు. ఏమీ అడగకుండానే విషయం గ్రహించారు. ఇంటికి తీసుకువెళ్లి, అక్కడున్న ఒక గిన్నెడు పాలను సుఫ్ఫావారందరినీ పిలిపించి తాగించి, చివరకు అబూ హురైరా (రజి) కడుపునిండా తాగేవరకు మళ్లీ మళ్లీ తాగమన్నారు.

ఈ వృత్తాంతంలో పిల్లలకూ, పెద్దలకూ చెరొక పాఠమున్నది. పిల్లలు ఆకలిని దాచరాదు. మసీదులో నమాజు తరువాత ఇమాం సాహెబుకో, ముఅజ్జిన్ సాహెబుకో తమ ఊరు, పేరు చెప్పి పరిస్థితి వివరించటం సిగ్గుపడవలసిన పని కాదు. చాలా మసీదులకు నమాజుల మధ్య తాళం వేస్తారు గనుక, విశ్రమించాలంటే ముందుగా అనుమతి అడగాలి. రైల్లోనో స్టేషనులోనో ఇబ్బంది కలిగితే 139, ఎక్కడైనా ఆపద వస్తే 112 నంబర్లున్నాయి.

ఇంటివారు చేయవలసినవి

ఒంటెను కట్టివేసి, ఆ తరువాత దైవం మీద భారం వేయమన్నారు దైవప్రవక్త (స). తల్లిదండ్రులు బిడ్డను పంపేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. తిరుగు టికెట్టు ముందే కొని ఇవ్వాలి, లేదా ఆ సొమ్మును సంచిలో వేరే చోట దాచి ఉంచమని చెప్పాలి. నాలుగు ఫోను నంబర్లు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫోను చార్జింగు అయిపోయిన వేళ ఆ కాగితమే ఆధారం. అన్నిటికంటే ముఖ్యంగా, డబ్బు అయిపోయిందని చెబితే తిట్టబోమని ముందుగానే మాటివ్వాలి. అబ్బా కోపానికి భయపడి అబద్ధమాడే కొడుకు ఊరిలోనే ఉన్నా భద్రంగా లేనట్లే.

అలవాటు మెల్లగా చేయాలి. లంక గ్రామం పిల్లవాడు మొదట ఒంటరిగా ఏలూరు వెళ్లి ఒక పని చక్కబెట్టుకు రావాలి. తరువాత 60 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ. ఆ తరువాత హైదరాబాదు. ఆడపిల్లలను తండ్రో అన్నో తోడుండి తీసుకువెళ్లటం మన ఇళ్లలో ఆచారం. అప్పుడు కూడా ఆమెను వెనుక నడిపించటంతో సరిపెట్టవద్దు. టికెట్టు ఆమె కొనాలి, దారి ఆమె అడగాలి, బస్సు నంబరు ఆమె చదవాలి. పరీక్ష అయిన వెంటనే వెనుదిరగకుండా ఆమెకూ ఆ నగరాన్ని చూపించాలి.

మన ఊరూ ఒకరికి నగరమే

హైదరాబాదు సంగతి మాట్లాడుకుంటూ మన గుమ్మం మరువరాదు. కొల్లేటి గట్టు మీది కుటుంబానికి ఏలూరే మహానగరం. రోగిని ఆస్పత్రిలో చేర్చి, బయట మెట్ల మీద రాత్రి గడిపే బంధువుల జేబులో ఏమున్నదో మనకు తెలియదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు లారీలతో పాటు దూర ప్రాంతాల కార్మికులు వస్తారు. 2015లో ప్రారంభమైన అక్కడి నిట్‌లో పలు రాష్ట్రాల విద్యార్థులున్నారు. వారిలో మన భాష రానివారు, పండుగనాడు ఇంటికి వెళ్లటానికి డబ్బు లేనివారు ఉండవచ్చు. ఏలూరు తివాచీల నేతపని పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్లతో మొదలైందని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఈ ఊరు వారికి చోటివ్వకపోతే ఆ పేరే మనకు దక్కేది కాదు.

మన మసీదు కమిటీలు జకాత్ పంపిణీ లెక్కలో బాటసారి పేరిట ఒక చిన్న పద్దు ఉంచితే చాలు, ఎందరికో దారి ఖర్చు అవుతుంది. గేటు వద్ద ఒక ఫోను నంబరు రాయించి, మరుగుదొడ్డికీ మంచినీటికీ తాళం లేకుండా చూస్తే పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే శుక్రవారం జుమా ముగిసి అందరూ చెప్పులు వెదుక్కుంటున్నప్పుడు, వరండా చివర సంచి పట్టుకొని కూర్చున్న తెలియని ముఖమేదైనా ఉన్నదేమో ఒకసారి చూద్దాము. ఉంటే సలాం చేసి, భోజనమైందా అని మనమే ముందుగా అడుగుదాము.