కరెంటు ఖాతా ఖర్చులు: మగ్గమువారి లెక్క

నూలు బేరములో సావుకారు పది రూపాయలు ఎక్కువ వేసిన మనము వెంటనే పట్టుకొందుము. పంచె కొలతలో బెత్తెడు తగ్గినను కనిపెట్టుదుము. కాని బ్యాంకువారు నెలనెలా ఖాతాలో విరుచుకొను సొమ్మును చూచువారు మనలో ఎందరు? ఈ మధ్య మా ఇంటి ఖాతా కాగితములు ముందు వేసికొని కూర్చుంటిని. ఒక్క సంవత్సరములో రుసుముల క్రింద పోయినది మా పనివాని రెండు వారముల కూలిని మించినది. పొరుగూరి వర్తకుడు తన ఊరి శాఖలో మా ఖాతాకు నగదు కట్టినప్పుడెల్ల రుసుము మాకే పడినదని అప్పుడు తెలిసినది.

షోలాపూరులో టవళ్ళు నేయించువారికైనను, బరంపురములో పట్టు నేయువారికైనను ఈ లెక్క ఒక్కటే. కరెంటు ఖాతాలోని సొమ్ముకు వడ్డీ రాదు. పైగా సగటు నిలవ తగ్గిన అపరాధ రుసుము, దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. పడును.

ఉదాహరణకు రెండు ఖాతాలు అనుకొందము. మొదటిదానికి 10,000 రూపాయల సగటు నిలవ చాలును. నెలకు రెండు లక్షల వరకే నగదు ఉచితముగా కట్టవచ్చును. ఆపైన వేయికి 3.50 రుసుము. రెండవదానికి 25,000 నిలవ కావలెను. తగ్గిన నెలకు 500 అపరాధము. నగదుకు మూడు లక్షల వరకు రుసుము లేదు. మన ఇంటి సగటు నిలవ 12,000, నెలకు కట్టు నగదు మూడు లక్షలు.

మొదటి ఖాతాలో నగదు రుసుము పన్నుతో నెలకు 413, ఏడాదికి 4,956. రెండవదానిలో అపరాధము పన్నుతో నెలకు 590, ఏడాదికి 7,080. అపరాధము తప్పించుకొనుటకు ఇంకొక 13,000 అందులో ఉంచితిమా, నూలు అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టువారికి ఆ సొమ్ము ఏడాదికి 3,120 ఖర్చు. వర్తకులు నగదు మాని యు.పి.ఐ. ద్వారానో నెఫ్టు ద్వారానో పంపిరా, మొదటి ఖాతాలో ఈ రుసుమే ఉండదు. నెఫ్టులో వచ్చు సొమ్ముకు పుచ్చుకొనువాడు ఏమియు ఇయ్యనక్కరలేదు. కనుక ఖాతా మంచిచెడ్డలు మన రాబడి వచ్చు తీరును బట్టి యుండును.

సగటు అనగా ప్రతిదినము అంత సొమ్ము ఉండవలెనని కాదు. ముప్పది దినముల నెలలో పది దినములు 75,000 ఉండి, తక్కిన దినములు ఏమియు లేకున్నను సగటు 25,000 అగును. కొన్ని బ్యాంకులు నెలకును, కొన్ని మూడు నెలలకును సగటు కట్టును. పెండ్లిళ్ళ కాలములో సొమ్ము వచ్చి తరువాత ఖాళీయగు మనవంటివారికి మూడు నెలల లెక్క తరచు మేలు.

సంఘము నుండియో ఆసామి నుండియో కూలి మాత్రమే పుచ్చుకొను నేతగానికి కరెంటు ఖాతా అక్కరలేదు. పొదుపు ఖాతా చాలును.

ఖాతా తెరువకముందే రుసుముల పట్టిక అడిగి తీసికొనుడు. నగదు పరిమితి, ఇతర శాఖలో కట్టిన రుసుము, చెక్కుల వెల, చెక్కు తిరిగివచ్చిన దండుగ, ఖాతా మూసివేయు రుసుము — ఈ అయిదును గుర్తు పెట్టుకొనుడు. అన్యాయముగా విరుచుకొన్నచో ముందు బ్యాంకుకు వ్రాతమూలముగా తెలుపవలెను. ముప్పది దినములలో జవాబు రాకున్న, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఉచితముగా ఫిర్యాదు చేయవచ్చును.

పోగు తెగిన వెంటనే ముడివేయుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఖాతా కాగితమును కూడ నెలకొకసారి ఆ కంటితోనే చూచుకొందము.