ఇంటిల్లిపాదికీ ఏ బండి మేలు?
సఫారీ, స్కార్పియో-ఎన్‌లలో ఎంపికకు మెలకువలు

తిరుమల యాత్రకైనా, బంధువుల ఇంట పెళ్లికైనా తాత, నాయనమ్మ, పిల్లలతో సహా అందరూ ఒకే బండిలో వెళ్లాలన్నది పెద్ద కుటుంబాల కోరిక. ఐదుగురు పట్టే కారు చాలక, మాటిమాటికీ అద్దె వాహనం భారమై, మూడు వరుసల ఎస్‌యూవీ కొనదలచిన వారు తరచూ పోల్చి చూసుకునేవి రెండు. ఒకటి టాటా సఫారీ, రెండోది మహీంద్రా స్కార్పియో-ఎన్. రెండింటిలోనూ ఎగువ రకాల ధర రూ.20 లక్షలు దాటుతుంది. పొడవు కూడా ఇంచుమించు సమానమే. నిర్మాణంలో మాత్రం రెండింటిదీ వేర్వేరు దారి. ఆ తేడా తెలుసుకోకుండా రంగు, హంగులు చూసి బయానా ఇస్తే ఏళ్ల తరబడి సర్దుకుపోవలసి వస్తుంది.

పేర్లు పాతవే.. బండ్లు వేరు

సఫారీ 1998లో, స్కార్పియో 2002లో తొలిసారి మార్కెట్లోకి వచ్చాయి. నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రంపై బాడీని బిగించిన వాహనాలవి. దీనినే ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. 2021లో వచ్చిన సఫారీకి పాత బండి నుంచి సంక్రమించింది పేరు మాత్రమే. దీనిలో చట్రం, బాడీ కలిసి ఒకే నిర్మాణంగా ఉంటాయి. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకు అందుతుంది. 2022 జూన్‌లో విడుదలైన స్కార్పియో-ఎన్ మాత్రం ల్యాడర్ ఫ్రేమ్‌నే కొనసాగించింది. శక్తి వెనుక చక్రాలకు చేరుతుంది. డీజిల్‌లో కొన్ని రకాలకు ఫోర్‌వీల్ డ్రైవ్ కూడా ఉంది.

ఈ తేడా ప్రయాణంలో స్పష్టంగా తెలుస్తుంది. జాతీయ రహదారిపై వేగంగా సాగేటప్పుడు, మలుపుల్లో సఫారీ కుదురుగా ఉంటుంది, పక్కలకు ఊగడం తక్కువ. గతుకుల బాటలు, వాగులు, వర్షానికి బురదయ్యే నల్లరేగడి దారులు స్కార్పియో-ఎన్‌కు అనువైనవి. ఏడుగురు కూర్చుని ఎత్తైన బురద బాట ఎక్కేటప్పుడు బరువు వెనక్కి మళ్లుతుంది. అప్పుడు ముందు చక్రాల పట్టు సడలే అవకాశం ఉంది. పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మట్టి దారుల వెంట నిత్యం తిరిగేవారు ఈ విషయం గమనించాలి. తారురోడ్డు దాటని కుటుంబానికి ఫోర్‌వీల్ డ్రైవ్ అదనపు ఖర్చే తప్ప ప్రయోజనం స్వల్పం.

ఇంజిన్ ఏది?

సఫారీలోని 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ 170 పీఎస్ శక్తినిస్తుంది. స్కార్పియో-ఎన్ 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్ దిగువ రకాల్లో 132, ఎగువ రకాల్లో 175 పీఎస్ ఇస్తుంది. కనుక ధర తక్కువని దిగువ రకం ఎంచుకునే ముందు నిండు బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కవలసిన సందర్భాలను గుర్తుంచుకోవాలి. స్కార్పియో-ఎన్ మొదటి నుంచీ పెట్రోలులోనూ దొరుకుతోంది. సఫారీ ఏళ్ల తరబడి డీజిల్‌కే పరిమితమైంది.

బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు బండి హైవేపై కొంతసేపు ఏకధాటిగా నడవాలి. రోజూ బడికి, బజారుకు రెండు మూడు కిలోమీటర్లు తిప్పేవారికి ఫిల్టరు మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలగడం పరిపాటి. అటువంటి వారికి పెట్రోలు మేలు. నెలకు రెండు మూడు దూర ప్రయాణాలు తప్పనివారికి డీజిల్ లాభసాటి.

మూడో వరుసే అసలు పరీక్ష

స్కార్పియో-ఎన్ ఎత్తు 1857 మిల్లీమీటర్లు, సఫారీది 1795. చట్రంపై బాడీ నిలిపినందున స్కార్పియో-ఎన్‌లో కాలు ఎత్తి ఎక్కవలసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇది చిన్న విషయం కాదు. రెండింటిలోనూ మూడో వరుస పిల్లలకు సరిపడేదే. పొడగరులు గంటల తరబడి కూర్చోవడం కష్టం. ఆ వరుస నిలిపి ఉంచితే వెనుక సామాను స్థలం అంతంతమాత్రమే. ఏడుగురితో పాటు పెట్టెలూ తీసుకెళ్లాలంటే పైకప్పుపై క్యారియర్ తప్పదు. షోరూంకు దంపతులిద్దరే కాక ఇంట్లోని పెద్దలను, పిల్లలను కూడా తీసుకెళ్లాలి. మిట్టమధ్యాహ్నం ఏసీ వేయించి, చివరి వరుసలో పావుగంట కూర్చుని చూస్తే చల్లగాలి ఎంతవరకు చేరుతున్నదీ తేలిపోతుంది.

భద్రతలో తేడా

గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల రక్షణకు రెండు వాహనాలూ 5 నక్షత్రాలు సాధించాయి. పిల్లల రక్షణలో మాత్రం 2022లో స్కార్పియో-ఎన్‌కు 3, 2023లో సఫారీకి 5 నక్షత్రాలు దక్కాయి. 49 మార్కులకు స్కార్పియో-ఎన్ 28.93, సఫారీ 45 పొందాయి. పసిపిల్లలున్న ఇంటివారు ఈ అంకెలను తేలికగా తీసుకోరాదు.

అయితే ఈ పరీక్షల్లో పెద్దల బొమ్మలను ముందు సీట్లలో, పిల్లల బొమ్మలను వాటి వెనుక వరుసలో ఉంచుతారు. చివరి వరుసలో కూర్చున్నవారి సంగతి నక్షత్రాలు చెప్పవు. వెనుక తలుపునకు, ఆ సీటునకు మధ్య దూరం తక్కువ. అందువల్ల పసివారిని రెండో వరుసలో తగిన చైల్డ్ సీటులో కూర్చోబెట్టడం మంచిది. మనం కొంటున్న రకంలో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ప్రతి సీటుకూ మూడు చోట్ల బిగించే బెల్టు ఉన్నదా అన్నది అడిగి, కొటేషన్‌పై రాయించుకోవాలి.

లెక్క సరిచూసుకోండి

2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పులతో ఈ తరహా పెద్ద వాహనాలపై పన్ను సెస్‌తో కలిపి 50 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది. రెండూ 4 మీటర్లకు మించినవే కనుక 18 శాతం రేటు వర్తించదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవితకాల పన్ను ధరను బట్టి మారుతుంది. రూ.20 లక్షలు దాటితే రేటు పెరుగుతుంది. ఆ గీత దగ్గర ఉన్న రకాన్ని ఎంచుకునేటప్పుడు ఆన్‌రోడ్ ధరనే పోల్చాలి.

మూడో వరుస అవసరం ఏడాదికి రెండు మూడుసార్లకు మించనివారు ఐదుగురి కారు కొని, పండుగలకు అద్దె బండి తీసుకుంటే ఖర్చు కలిసివస్తుంది. పిల్లలు, వృద్ధులతో హైవే ప్రయాణాలు ఎక్కువైతే సఫారీ, పొలాలు, ఏజెన్సీ దారులైతే స్కార్పియో-ఎన్ సరైన ఎంపిక. ఏది కొన్నా వెనుక కూర్చున్నవారు సైతం బెల్టు పెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకుంటే రూ.1000 జరిమానా. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద ప్రమాదంలో మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించింది ఖరీదైన కారులోనే. వెనుక సీటులో ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు.