మన డబ్బు చూసిపెట్టే మనిషి



ఇంట్లోకి వంటమనిషిని పెట్టుకోవాలంటే మనం ఎన్ని వాకబులు చేస్తాం! ఇదివరకు ఎవరింట్లో చేసింది, ఎందుకు మానేసింది, నూనె ఎక్కువ పోస్తుందా, చెయ్యి శుభ్రమేనా - అన్నీ కనుక్కుంటాం. తీరా కుదుర్చుకున్నాక కూడా బీరువా తాళాలు మన దగ్గరే వుంచుకుంటాం. మరి ఆ బీరువాలో డబ్బు చూసిపెట్టే మనిషిని ఎంచుకునేటప్పుడో? "మా బావగారికి తెలిసినవాడట, చాలా మంచివాడట" అన్న ఒక్క ముక్క చాలు మనకి!

మా పిన్నిగారి సంగతి చెబుతాను. బాబయ్యగారు పోయాక ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు కలిపి ఆవిడ చేతికి 42 లక్షలు వచ్చాయి. ఆవిడకి 62 ఏళ్ళు. పెన్షను లేదు. అంటే ఆ డబ్బే ఇకమీదట ఆవిడకి అన్నం, మందులు, మర్యాద అన్నమాట. పదిహేనోరోజు దాటిందో లేదో, ముగ్గురు మనుషులు గుమ్మంలోకి వచ్చారు.

మొదటివాడు బ్యాంకులో రోజూ పలకరించే కుర్రాడు. "ఒక్కసారి 5 లక్షలు కట్టండమ్మా, ఫిక్సెడ్ డిపాజిట్టుకన్నా మేలు" అని సంతకాలు పెట్టించుకున్నాడు. రెండోవాడు వేలువిడిచిన బంధువు. "పిన్నిగారూ, 50 లక్షలుంటేగాని పెద్ద కంపెనీలవాళ్ళు మన డబ్బు చూడరు. ఊళ్ళో స్థలం ఊరికే పడివుంది గదా, అమ్మేసి ఓ 8 లక్షలు కలపండి. ఇక జన్మలో మీరు కాగితం ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. మూడోవాడు గుమ్మందాకా కూడా రాలేదు, ఫోనులోనే వచ్చాడు. ఏదో గ్రూపులో చేర్చి, ఆరునెలల్లో రెట్టింపు చేస్తానన్నాడు.

పిన్ని నన్ను పిలిచి అడిగింది: "ఏమే అమ్మాయ్, ఈ ముగ్గురిలో నా మనిషెవరే?"

ఎంత చక్కటి ప్రశ్న అది! ఎవరు తెలివైనవాడు అని అడగలేదు ఆవిడ. నా మనిషెవరు అని అడిగింది. దానికి జవాబు ఒకే చోట దొరుకుతుంది - వాడికి జీతం ఎవరిస్తున్నారు అన్నచోట.

ఈ పని చేసేవాళ్ళు మన దేశంలో ముఖ్యంగా మూడు రకాలు. ముగ్గురి మీదా ఏదో ఒక అదుపు వుంది.

మొదటి రకం డిస్ట్రిబ్యూటరు. మ్యూచువల్ ఫండ్లు అమ్మిపెడతాడు. మన దగ్గర రూపాయి పుచ్చుకోడు. అందుకని ఉచితం అనుకుంటాం. నిజానికి ఫండు కంపెనీ వాడికి కమిషను ఇస్తుంది, అది మన సొమ్ములోంచే ఏటా తరిగి వెడుతుంది. వాడు మోసగాడని కాదు నేననేది. కొట్టువాడు తన కొట్లో వున్న సరుకే చూపిస్తాడు గాని, పక్కవీధిలో చవగ్గా వుందని చెప్పడు గదా! 2013 జనవరి నుంచి ప్రతి ఫండులోనూ కమిషను లేకుండా నేరుగా కొనుక్కునే ఏర్పాటు - డైరెక్ట్ ప్లాన్ - వచ్చింది. ఆ సంగతి కమిషను మీద బతికేవాడు తనంతట తాను చెప్పకపోవచ్చు.

రెండో రకం సలహాదారు, అంటే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు. వీళ్ళకి సెబీ 2013లో నిబంధనలు పెట్టింది. వకీలుకి, డాక్టరుకి ఇచ్చినట్టే వీళ్ళకి ఫీజు మనమే ఇస్తాం. సలహాకి ఫీజు తీసుకున్న ఇంటినుంచి అమ్మకం కమిషను పుచ్చుకోకూడదని 2020లో నిబంధన గట్టిచేశారు. డబ్బు మన ఖాతాలోనే వుంటుంది, సంతకం మనమే పెడతాం. వాడు దారి చూపిస్తాడు, అంతే.

మూడో రకం పోర్ట్‌ఫోలియో మేనేజరు. బంధువు చెప్పిన పెద్ద కంపెనీ ఇదే. ఏ షేరు కొనాలో, ఎప్పుడు అమ్మాలో మనల్ని అడక్కుండా తనే నిర్ణయించే అధికారం కూడా పుచ్చుకోవచ్చు. అంత అధికారం గనకనే ఇందులో చేరటానికి కనీసం 50 లక్షలుండాలని సెబీ నియమం. ఈ నియమం ఎందుకు పెట్టారో ఆలోచించండి. నష్టం వస్తే తట్టుకోగలవాళ్ళే ఇందులోకి రావాలని! 42 లక్షలే ఆధారమైన ఆవిడ, స్థలం అమ్మి మరీ ఆ గడప దాటటమంటే, లోతుగా వుందని కట్టిన గోడకి నిచ్చెన వేసుకుని నూతిలో దిగటమే.

సరే, మీకు అంత డబ్బు వుందనుకోండి, లేదా సలహాదారునే పెట్టుకుందామనుకున్నారనుకోండి. ఏమేం అడగాలి?

మొట్టమొదట, రిజిస్ట్రేషను నంబరు. సలహాదారుకైతే ఐ.ఎన్.ఎ. అనీ, పోర్ట్‌ఫోలియో మేనేజరుకైతే ఐ.ఎన్.పి. అనీ మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటరుకి వుండేది ఎ.ఆర్.ఎన్. నంబరు. చూపించిన కాగితం చూసి తృప్తిపడకండి. సెబీ వెబ్‌సైటులో జాబితా వుంటుంది. మీరే చూడండి, చేతకాకపోతే కాలేజీకెళ్ళే పిల్లల చేత చూపించుకోండి. పిన్నికి ఫోను చేసిన పెద్దమనిషి నంబరు అడగ్గానే మాయమయ్యాడు.

రెండోది, ఖర్చు. శాతాల్లో చెబితే మనకి చిన్నదిగా కనిపిస్తుంది. రూపాయల్లో చెప్పమనండి. 42 లక్షల మీద ఏటా 2 శాతమంటే 84 వేలు. నెలకి 7 వేలు! లాభమొచ్చినా, నష్టమొచ్చినా అది వెళ్ళిపోతుంది. ఇంకో లెక్క చూడండి. 10 లక్షలు ఏటా 11 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్ళకి 80 లక్షల 60 వేల పైచిలుకవుతుంది. ఖర్చుకింద ఒక్క శాతం పోయి 10 శాతమే పెరిగితే 67 లక్షల 27 వేలవుతుంది. ఒక్క శాతం తేడా చివరికి 13 లక్షలు దాటిందన్నమాట.

లాభంలో వాటా అడిగే మేనేజర్లూ వున్నారు. వాళ్ళకి ఒక కట్టుబాటు వుంది. మీ 60 లక్షలు 70 అయిందనుకోండి, ఆ 10 మీద వాటా తీసుకున్నాడు. తరువాత 62కి పడి, మళ్ళీ 70కి వచ్చింది. అప్పుడు మళ్ళీ వాటా అడక్కూడదు. 70 దాటితేనే! అలాగే చేరేటప్పుడు ముందస్తు ఫీజు పుచ్చుకోకూడదు. మధ్యలో మానుకుంటే మొదటి ఏడు 3 శాతం, రెండో ఏడు 2, మూడో ఏడు 1 శాతం మించి కోత పెట్టకూడదు. మూడేళ్ళు దాటితే ఏమీ లేదు. ఒప్పందంలో ఇవన్నీ చదువుకోండి.

మూడోది, చెడ్డరోజుల సంగతి. మంచి సంవత్సరాల లెక్కలు వాళ్ళే రంగుల కాగితంలో చూపిస్తారు. మీరు అడగవలసింది వేరు. 2008లో సెన్సెక్స్ సగానికి పైగా పడిపోయింది. 2020లో జనవరి నుంచి మార్చిలోపు మూడోవంతుకి మించి పడింది. "అప్పుడు మీ దగ్గరున్నవాళ్ళ డబ్బు ఏమైంది? ఫీజులు పోగా ఎంత మిగిలింది?" అని అడగండి. దానికి తడుముకునేవాడు మనకొద్దు.

నాలుగోది, హామీ. "గ్యారంటీగా ఇంత వస్తుంది" అని సలహాదారు గాని, మేనేజరు గాని అనకూడదు. అన్నాడంటే అక్కడే లేచి వచ్చెయ్యండి. పేరు పెద్దదని కూడా ధీమా పడకూడదు. 1964లో మొదలైన యూనిట్ ట్రస్టువారి యూనిట్లని మన పెద్దవాళ్ళు బంగారంలా చూసుకున్నారు. 2001 జూలైలో వాటి అమ్మకం, తిరిగి కొనుగోలు ఆరునెలలపాటు నిలిపేశారు. డబ్బు అవసరమై వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

ఐదోది తాళాల సంగతి. షేర్లు మీ పేరున డీమాట్ ఖాతాలో వుండాలి. పెట్టుబడి డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ పంపకూడదు. పాస్‌వర్డు, ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. నామినీ పేరు రాయించడం మరవకూడదు. తేడా వస్తే సెబీవారి స్కోర్స్ అనే ఏర్పాటు ద్వారా ఫిర్యాదు చెయ్యవచ్చు.

ఇంతకీ పిన్ని ఏం చేసిందంటారా? బ్యాంకు కుర్రాడి కాగితాలు రాగానే ఇద్దరం కూచుని చదివాం. ఒక్కసారి కట్టేది కాదది! ఏటా 5 లక్షల చొప్పున 10 ఏళ్ళు కట్టాల్సిన జీవితబీమా. అదృష్టవశాత్తూ పాలసీ చేతికందిన 30 రోజుల లోపల వద్దని తిప్పికొట్టే హక్కు వుంది. ఆవిడ స్వయంగా ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకుంది. కొద్ది కోతతో డబ్బు తిరిగొచ్చింది. "ఆ పిల్లాడి మొహం చూసి నాకే సిగ్గేసిందే" అంది పాపం.

తరువాత ఫీజు తీసుకునే సలహాదారు దగ్గరికి వెళ్ళాం. ఆవిడా ఆడమనిషే. 15 వేలు ఫీజు. పిన్ని ముందు అదిరిపడింది, "మాటలు చెప్పటానికి 15 వేలా!" అని. రెండుగంటలు కూచోబెట్టి నెలఖర్చు, బి.పి. మాత్రలతో సహా, రాయించిందావిడ. 4 లక్షలు బ్యాంకులో చేతికందేలా వుంచమంది. 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో వెయ్యమంది. 60 నిండినవాళ్ళు అందులో అంతవరకే వెయ్యగలరు, మూడునెలలకోసారి వడ్డీ వస్తుంది. మిగిలిన 8 లక్షలు, పదేళ్ళు ముట్టుకోనని మాట తీసుకుని, డైరెక్ట్ ప్లాన్ ఇండెక్స్ ఫండులో పెట్టించింది. స్థలం జోలికి వెళ్ళొద్దంది. ఇందులో ఆవిడకి కమిషను వచ్చేది ఒక్కటీ లేదు.

అందరికీ ఇదే పద్ధతి పనికొస్తుందని కాదు. వయసునిబట్టీ, బాధ్యతలనిబట్టీ మారుతుంది. కాని ఆ ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే. ఇంట్లో మగవాళ్ళు చూసుకుంటున్నారు గదా అనుకోకుండా, కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరు చూస్తున్నారో, వాళ్ళకి జీతం ఎవరిస్తున్నారో ఇవాళే అడిగి తెలుసుకోండి. పిన్ని బాబయ్యగారు వుండగా ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు మూడునెలలకోసారి కళ్ళజోడు పెట్టుకుని తన లెక్క తనే రాసుకుంటుంది.