అపరాధ చిత్రంలో మొదటి రెండు నిమిషాలు

హాలులో దీపాలు ఆరిపోతాయి. తెర మీద ఒక వీధి, ఆ వీధిలో ఒక మనిషి. అతను ఇంకా నోరు విప్పలేదు. మంచీ చేయలేదు, చెడూ చేయలేదు. అయినా అతని మీద మనకు అనుమానమో, జాలో అప్పుడే ఏర్పడిపోతుంది. థ్రిల్లర్ అని అందరూ పిలిచే అపరాధ చిత్రాలలో ఈ పని మొదటి రెండు మూడు నిమిషాలలోనే జరగాలి. దీనిని నటుడి ప్రతిభ అనో, దర్శకుడి మాయ అనో చెప్పి వదిలివేయటం పరిపాటి. నిజానికి ఇందులో హైస్కూలు భౌతికశాస్త్రం చాలా వున్నది.

హైదరాబాదు తూర్పు దిక్కున వున్న నాచారం పేరు చెబితే చాలామందికి కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. సినిమావారికి మాత్రం స్టూడియో గుర్తుకు వస్తుంది. 1976లో ఎన్.టి. రామారావు, చిన్ననాడే చనిపోయిన తమ పెద్ద కుమారుని పేరిట రామకృష్ణ స్టూడియో నెలకొల్పింది ఇక్కడే. స్టూడియో అంతస్తు అంటే ఏమిటి? సూర్యుణ్ణీ, గాలినీ, బజారు రొదనూ గుమ్మం బయటే నిలబెట్టే ఒక పెద్ద పెట్టె. లోపల పడే ప్రతి కిరణమూ ఎవరో ఒకరు కావాలని వేసినదే. వీధిలో చిత్రం తీసేవారికి ఆ అధికారం లేదు. అక్కడ వున్న వెలుగులోంచే తమకు కావలసినది ఏరుకోవలసి వుంటుంది.

ఉదాహరణకు ఒక దృశ్యం ఊహించుకొందాం. రాత్రి పదిగంటలు దాటింది. ఉప్పల్ నుంచి వచ్చిన ఆటో దిగి, ఒక యువకుడు నాచారం పారిశ్రామికవాడలో నడుస్తున్నాడు. చేతిలో సంచీ వున్నది. మనకు తెలిసిన కథ ఇంతే. ఇతను భయపడుతున్నవాడా, భయపెట్టబోయేవాడా?

మొదట వెలుగు సంగతి చూడండి. వీధి దీపం సరిగ్గా నెత్తి మీద వున్నప్పుడు కనుబొమల నీడ కళ్ళ మీద పడుతుంది. కళ్ళ స్థానంలో రెండు చీకటి గుంటలు మాత్రం కనిపిస్తాయి. మనిషి మనసును మనం కళ్ళలో వెతుక్కుంటాము. అవి దొరకనప్పుడు అతన్ని నమ్మలేము. అదే యువకుడు నాలుగడుగులు ముందుకు వేస్తే దీపం వెనక్కు పోయి, ఒక టీ బంకు వెలుగు ఎదురుగా ముఖం మీద పడుతుంది. ఇప్పుడు కళ్ళు కనిపిస్తాయి, బెదురూ కనిపిస్తుంది. మనిషి మారలేదు, వెలుగు వచ్చే కోణం మారింది. ఇక వెలుగు కింది నుంచి వస్తే ముఖం వికారమవుతుంది. సూర్యుడు ఎప్పుడూ పైనే వుంటాడు కనుక, మెదడు ఎత్తుపల్లాలను పోల్చుకొనేటప్పుడు వెలుగు పై నుంచే వస్తున్నదని ముందుగా అనుకొంటుంది. గడ్డం కింద టార్చి పెట్టినప్పుడు ఆ లెక్క తప్పుతుంది.

ముఖం వెలుగులోను, వెనుక గోడ చీకటిలోను వుండాలంటే దీపాన్ని దగ్గరకు తేవాలి. దీపానికి ఒక మీటరు దూరంలో పడే వెలుగులో నాలుగో వంతే రెండు మీటర్ల దూరంలో పడుతుంది. ఇదే విలోమ వర్గ నియమం. కనుక దగ్గర దీపం ముఖాన్ని వెలిగిస్తుంది గాని వెనుక గోడను చేరేసరికి నీరసిస్తుంది. మనిషి చీకటిలో తేలుతున్నట్లు కనిపిస్తాడు. దూరపు దీపమైతే మనిషినీ గోడనూ దాదాపు ఒకే తీరున వెలిగిస్తుంది. భయానికి మొదటిది, కాలక్షేపపు చిత్రానికి రెండవది.

ఇక్కడ ఒక చిన్న మాట. మన వీధుల్లో చాలాకాలం సోడియం దీపాలు వుండేవి. సోడియం కాంతి బలమంతా 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టూ, అంటే పసుపు రంగులోనే, పోగై వుంటుంది. ఆ వెలుగులో నీలం గుడ్డ నల్లగా కనిపిస్తుంది. 2017–18 ప్రాంతంలో నగరపాలక సంస్థ వాటి స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు పెట్టించింది. కరెంటు ఆదా అయింది, గుడ్డల రంగులు సరిగ్గా తెలుస్తున్నవి. కాని పాతకాలపు రాత్రిని తెర మీద చూపదలచినవారు ఇప్పుడు దీపాలకు పసుపు కాగితం అంటించుకోవలసిందే.

కెమెరా ఎంత దూరాన వున్నదనేది తరువాతి ప్రశ్న. దగ్గరగా తీసిన ముఖంలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కు పోతాయి. ఇది కటకం చేసే వక్రీకరణ అని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ముక్కు కొనకూ చెవికీ మధ్య దూరం సుమారు 12 సెంటీమీటర్లు. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో వుంటే చెవికి 42 సెంటీమీటర్ల దూరంలో వున్నట్లు. వస్తువు కనిపించే పరిమాణం దూరానికి విలోమంగా వుంటుంది కనుక, ముక్కుతో పోల్చినప్పుడు చెవి 30/42, అంటే వందకు 71 వంతులుగా కుదించుకుపోతుంది. అదే కెమెరాను ముక్కుకు రెండు మీటర్ల దూరానికి జరిపితే నిష్పత్తి 200/212. వందకు 94 వంతులు. ముఖం ఉన్నదున్నట్లు కనిపిస్తుంది. తేడా అంతా దూరానిదే. విశాలదృష్టి కటకం చేసేదల్లా మనల్ని అంత దగ్గరకు పోనివ్వటం.

అసలు ముఖమే చూపకుండా పాత్రను నిలబెట్టవచ్చును. జర్మనీలో 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ అనే చిత్రం దీనికి మేలైన ఉదాహరణ అని నా అభిప్రాయం. ఒక చిన్న పిల్ల బడి నుంచి వస్తూ, గోడ ప్రకటనకు బంతి కొట్టి ఆడుకొంటూ వుంటుంది. అది హంతకుణ్ణి పట్టిచ్చినవారికి బహుమానమని చాటే ప్రకటన. దాని మీద టోపీ పెట్టుకొన్న ఒక మనిషి నీడ పడుతుంది. అతని ఈల మనకు వినిపిస్తుంది. ఇంటి దగ్గర తల్లి అన్నానికి కంచం పెట్టి ఎదురుచూస్తూ వుంటుంది. ఆ తరువాత ఖాళీ మెట్లు, ఖాళీ కంచం, దొర్లుకొంటూ వచ్చి ఆగిన బంతి, తీగెలకు చిక్కుకున్న బుడగ. హత్యను చూపలేదు, చూపవలసిన అవసరమూ లేకపోయింది. 1960లో వచ్చిన హిచ్‌కాక్ ‘సైకో’ ఇంకొక దారి పట్టింది. ఊరి పేరు, తేదీ, గంటా నిమిషం తెర మీద వేసి, నగరమంతా చూపి, సగం దించిన ఒక కిటికీ తెర కింద నుంచి మనల్ని గదిలోకి తీసుకుపోయింది. తొంగి చూసేవారము మనమే అయినాము.

కెమెరా మనిషి వెంట నడిచినా ఇటువంటి ఫలితమే కలుగుతుంది. చేత పట్టుకొని నడిస్తే బొమ్మ అదురుతుంది. 1975 ప్రాంతంలో అమెరికాలో గ్యారెట్ బ్రౌన్ తయారుచేసిన స్టెడికామ్‌లో కెమెరా ఒక కడ్డీ పై చివర, బరువులు కింది చివర వుంటాయి. పట్టుకొనే చోటు గరిమనాభికి కాస్త పైన. బరువు దూరంగా పరచుకొన్నందున జడత్వ భ్రామకం పెరిగి, చిన్న కుదుపులకు కడ్డీ తిరగదు. నడకలోని ఎగుడుదిగుళ్ళను స్ప్రింగుల చేయి మింగుతుంది. 1989లో రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ చిత్రంలో దీనిని వాడారు. తెలుగు తెరకు అప్పటికి అది కొత్త. మన నాచారం యువకుడి వెనుక కెమెరా ఇట్లా అదరకుండా, చప్పుడు లేకుండా వస్తే, ఎవరో వెంటపడుతున్నారని ప్రేక్షకుడే అనుకొంటాడు.

ధ్వని గురించి క్లుప్తంగా చెబుతాను. మూసివున్న కర్మాగారం గోడ 17 మీటర్ల దూరంలో వుంటే, అడుగుల చప్పుడు 34 మీటర్లు ప్రయాణించి సెకనులో పదో వంతు తరువాత తిరిగి చెవిన పడుతుంది. ఒక మనిషి నడుస్తుంటే ఇద్దరు నడుస్తున్నట్లు వుంటుంది. 50 హెర్ట్జ్‌ల మంద్ర ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 7 మీటర్లు. మన తల దానికి అడ్డం కాదు. గదిలో అది ఎటు నుంచి వస్తున్నదో చెవులు పోల్చుకోలేవు. జాడ తెలియని చప్పుడు కుదురుగా కూర్చోనివ్వదు.

ఇవన్నీ సినిమాలో వున్నంతవరకు వినోదమే. కాని దొంగతనం అనుమానం మీద పట్టుకున్న ఒక కుర్రవాడి సి.సి. కెమెరా బొమ్మను వార్తలలో చూపుతారు. నడకను నెమ్మది చేస్తారు, చుట్టూ ఎర్రని వలయం గీస్తారు, కింద మంద్ర స్వరం కలుపుతారు. కోర్టుకు పోకముందే చూసేవారు తీర్పు చెప్పేస్తారు. రష్యాలో కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగాన్ని పుదోవ్కిన్ వర్ణించారు. ఏ భావమూ లేని ఒకే నటుడి ముఖాన్ని పులుసు పళ్ళెం పక్కన, శవపేటిక పక్కన, ఆడుకొనే పాప పక్కన అతికించి చూపగా, చింతననూ శోకాన్నీ ఆనందాన్నీ అతను ఎంతో బాగా నటించాడని ప్రేక్షకులు మెచ్చుకొన్నారట.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. ఒప్పుకొన్న విద్యార్థి ఒకరిని కూర్చోబెట్టి, ఏ భావమూ లేకుండా వుండమనండి. ఫోనుతో మూడు బొమ్మలు తీయండి: టార్చి ఎదురుగా పెట్టి రెండు మీటర్ల నుంచి ఒకటి, టార్చి నెత్తి మీద పెట్టి ఒకటి, టార్చి గడ్డం కింద పెట్టి ముప్పై సెంటీమీటర్ల నుంచి ఒకటి. వాటిని పక్క తరగతికి చూపి, వీరిలో పర్సు పోతే ఎవరిని అడుగుతారని కాగితం మీద రాయించండి. ఓట్లు లెక్కించిన తరువాత ఆ విద్యార్థిని లోపలికి పిలిచి, దీపాలన్నీ వేయండి. టార్చిని మాత్రం నేరుగా కళ్ళలోకి వేయరాదు. పలుచని తెల్ల కాగితం అడ్డం పెట్టడం మంచిది.