పాత కారునకు క్రొత్త యింజను

వస్తువు పాతబడినంతనే పారవేయక, చెడిన భాగమును మాత్రము మార్చి వాడుకొనుట మన యిల్లాండ్రకు వాడుకయే. బిందెకు మాటు, చీరకు క్రొత్త యంచు, తిరుగలికి క్రొత్త పిడి - ఇట్లు వస్తువుల యాయువును పెంచుచుందుము. పాత కారు గల గృహస్థులును ఈ తలంపుతోనే, “బండి గట్టిదే, డీజిలు యింజను మార్చిన చాలును, ఖర్చు కలిసివచ్చును” అనుచుందురు. ఈ మాట యెప్పుడు నిజము, ఎప్పుడు కాదు? ఇంటి లెక్క వ్రాయువారు తప్పక యెరుగవలసిన సంగతి యిది.

ముందుగా డీజిలు యింజను స్వభావమును తెలిసికొందము. పెట్రోలు యింజనులో గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని విద్యుత్తు రవ్వ మండించును. డీజిలు యింజనులో రవ్వతో పని లేదు. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెల్లరు చూచినదే. ఆ ధర్మమే యిచట పనిచేయును. గాలిని సుమారు ఇరువదవ వంతునకు నొక్కినచో అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందు సన్నని తుంపరగా చిమ్మిన చమురు తనంత తానే అంటుకొనును. 1858లో పారిస్ నగరమున జన్మించిన రుడాల్ఫ్ డీజిల్ ఈ యంత్రమును కల్పించి, 1897లో జర్మనీ దేశపు ఔగ్స్‌బర్గులో దాని సామర్థ్యమును నిరూపించెను. చమురు తక్కువ త్రాగుట దాని గుణము. కాని యంతటి యొత్తిడికి ఓర్వవలసిన దగుటచే దాని దేహము మిక్కిలి బరువు. అందువలన తొలుత అది కర్మాగారములకును ఓడలకును మాత్రమే ఉపయోగపడుచుండెను.

ఇట్టి యింజనును పాత కారులో నమర్చి లోకమునకు చూపిన వారిలో క్లెస్సీ కమ్మిన్స్ అను అమెరికావాసి ముఖ్యుడు. ఇండియానా రాష్ట్రములోని కొలంబస్ పట్టణమున నతడు ఐర్విన్ అను ధనికుని కారు నడపుచుండెడివాడు. ఆ యజమాని పెట్టుబడితోనే 1919లో డీజిలు యింజనుల సంస్థ నొకదానిని స్థాపించెను. పదేండ్లు గడచినను లాభము కనబడలేదు. సంస్థను మూసివేయు తలంపు యజమానికి కలిగెను. అపుడు కమ్మిన్స్ పాత ప్యాకార్డు కారు నొకదానిని తెచ్చి, అందలి పెట్రోలు యింజనును దించి తమ డీజిలు యింజను నెక్కించెను. 1929 క్రిస్మసు నాడు ఐర్విన్‌ను అందు కూర్చుండబెట్టి త్రిప్పి చూపెను. ధనికుని మనసు మారెను; సంస్థ నిలిచెను. 1930 జనవరిలో కమ్మిన్స్ ఆ కారును న్యూయార్కు వరకు నడుపుకొనిపోయెను. సుమారు 800 మైళ్ల ఆ ప్రయాణమునకు పట్టిన చమురు వెల 1 డాలరు 38 సెంట్లు మాత్రమే! 1931లో వారి డీజిలు పందెపు కారు ఇండియానాపొలిసులో 500 మైళ్లను ఒక్కమారైనను ఆగక పూర్తిచేసెను.

ఇందొక విషయము గమనింపదగును. ఆ యింజను ఘనత యంతయు దూరప్రయాణమున బయటపడినది. కొట్టములో నిలిచిన బండికి ఏ యింజనును పొదుపు తేజాలదు.

మన దేశమున నీ కథ అంబాసిడరు కారుతో ముడివడినది. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై కలకత్తా చెంతనున్న ఉత్తరపాడాలో తయారైన యీ బండి 2014 వరకు వెలువడెను. డీజిలు పెట్రోలు కంటె మిక్కిలి చౌకగా దొరకిన దినములలో అనేకులు, ముఖ్యముగా టాక్సీలవారు, పెట్రోలు యింజనును దించి డీజిలు యింజనును వేయించిరి. చమురు కలిసివచ్చెను గాని వేగము తగ్గెను. ఏలయన, ఆ నాటి 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు యింజను శక్తి 50 అశ్వములకు మించియుండగా, అంతే పరిమాణము గల డీజిలు యింజను శక్తి 40కి లోబడియుండెను. పిమ్మట ఇసుజు నమూనాపై వచ్చిన 1995 ఘన సెంటీమీటర్ల డీజిలు యింజను ఆ కొరతను తీర్చెను.

అయితే యింజను ఒక్కటియే మారునని తలపరాదు. మట్టిగోడలపై రాతిదూలము నెక్కించినచో గోడలను కూడ బలపరుపవలెను గదా! బరువైన యింజనునకు ముందరి స్ప్రింగులు, అదురును తాళు రబ్బరు దిమ్మెలు, పెద్ద బ్యాటరీ, తగిన రేడియేటరు, తగిన గేర్లు, గట్టి బ్రేకులు కావలెను. మెకానిక్కు చెప్పు తొలి ధరలో నివి యన్నియు చేరినవో లేదో ముందే యడుగుడు.

చట్టమును కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను అధికారి అనుమతి లేక యింజను మార్చరాదు. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నముగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున పూర్వమువలె తోచిన యింజనును తెచ్చి పెట్టుటకు నేడు వీలు లేదు. ఆ జాతి యింజనునే వేయించి, దాని నంబరును పుస్తకములో నెక్కించుకొనవలెను. లేనిచో బీమా సొమ్ము చేతికందుటకు చిక్కులు రావచ్చును.

ఇక లెక్క చూతము. అరిగిన డీజిలు యింజను లీటరునకు 10 కిలోమీటర్లు, దాని స్థానమున వేసిన మంచి యింజను 12 కిలోమీటర్లు నడచుననుకొందము. చమురు లీటరు 100 రూపాయలు, మార్పు ఖర్చు లక్ష రూపాయలు అనుకొందము. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు బండికి 10 లీటర్లు, అనగా 1,000 రూపాయలు మిగులును. లక్ష తిరిగి వచ్చుటకు 8 ఏండ్ల 4 నెలలు పట్టును. నెలకు 150 కిలోమీటర్లే తిరిగినచో మిగులునది 250 రూపాయలు. అపుడు 33 ఏండ్ల 4 నెలలు! నేడు ఊయలలో నున్న బిడ్డ తల్లియగు నాటికి గాని ఆ లక్ష తీరదు. పైగా 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ తొలగిన పిదప పెట్రోలుకును దానికిని వెల భేదము పూర్వమంత లేదు.

కాబట్టి యింజను దించుటకు ముందు రోగమేమో చూపించుడు. నల్లని పొగ వచ్చినచో చమురు సరిగా మండుట లేదు. నాజిళ్లను శుభ్రపరచి, పంపును సరిచేయించినను, గాలి జల్లెడను మార్చినను తగ్గవచ్చును. నీలిపొగ వచ్చినచో యింజను ఆయిలు మండుచున్నది. పిస్టను రింగులు అరిగియుండవచ్చును. ఈ పొగను ఉపేక్షింపరాదు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లో ప్రకటించినది. వాకిట బండిని ఆడించునపుడు పసిపిల్లలను దూరముగా నుంచుడు.

సోదరీమణులారా, బండి నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుచున్నదో ఆరు నెలలు వ్రాసి చూడుడు. దూరము లెక్క కుదిరినచో మార్పించుడు. కుదరకున్నను, మామగారు కొన్న బండి యనియో, పెండ్లినాడు ఎక్కివచ్చిన బండి యనియో నిలుపుకొనదలచినచో అందు తప్పేమియు లేదు. అయితే ఆ సొమ్మును పొదుపు క్రింద వ్రాయక, మమకారపు ఖర్చు క్రింద వ్రాసికొనుడు. ఇంటి లెక్కపుస్తకము నిజము చెప్పిననే దానివలన ప్రయోజనము.