స్పేర్ బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి దాచేస్తున్నారా?

పాతబస్తీలో పెళ్లిళ్లు షూట్ చేసే కెమెరా వాళ్ల దగ్గర ఎప్పుడూ ఆరేడు స్పేర్ బ్యాటరీలు ఉంటాయి. మొహర్రం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి, రంజాన్ నెలలోనూ దాదాపు అంతే. అప్పుడు బ్యాటరీలన్నీ ఫుల్ ఛార్జ్ అయి బ్యాగ్‌లోకి, బ్యాగ్ బీరువా మీదకి వెళ్తాయి. షాలిబండలో మా బిల్డింగ్ టాప్ ఫ్లోర్‌లో ఉండే వీడియోగ్రాఫర్ భాయ్ పద్ధతి కూడా ఇదే. సీజన్ మొదలవగానే "నిఖా మధ్యలోనే డౌన్ అయిపోతోంది, డూప్లికేట్ అంటగట్టాడు" అని షాపువాడిని తిట్టుకుంటాడు. డూప్లికేట్లు ఉండవని కాదు. కానీ ఆ బీరువా మీద ఉన్న వేడిని కూడా కాస్త అనుమానించాలి.

ముందు నంబర్లు చూద్దాం. బ్యాటరీల గురించి చదివే వాళ్లందరికీ తెలిసిన బ్యాటరీ యూనివర్సిటీ సైట్‌లో ఒక టేబుల్ ఉంది. లిథియం అయాన్ బ్యాటరీని 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఏడాది పక్కన పెడితే 96 శాతం కెపాసిటీ మిగులుతుంది. అదే 100 శాతం ఛార్జ్‌తో పెడితే 80. ఇక 40 డిగ్రీల దగ్గర ఈ లెక్క 85, 65కి పడిపోతుంది. అంటే ఒక్కసారి కూడా వాడకుండానే మూడో వంతు పోయినట్టే! పైన స్లాబ్ ఉన్న గదిలో, మే నెలలో, బీరువా మీద 40 డిగ్రీలు మనకేమీ కొత్త కాదు కదా.

ఎందుకిలా? ఫుల్ ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్ట్‌ల దగ్గర ఉంటుంది. అది సెల్‌కి సుఖంగా ఉండే స్థితి కాదు. లోపల ఎలక్ట్రోలైట్ మెల్లగా ఎలక్ట్రోడ్లతో రియాక్ట్ అవుతూనే ఉంటుంది. గ్రాఫైట్ వైపు ఉండే సన్నటి పొర మందం పెరుగుతూ, మనకు పనికొచ్చే లిథియంని మింగేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఈ రియాక్షన్లు స్పీడ్ అందుకుంటాయి. ఆ క్రమంలో పుట్టే గ్యాస్ వల్లే బ్యాటరీ ఉబ్బుతుంది. ఇలా పోయిన కెపాసిటీ మళ్లీ ఎన్నిసార్లు ఛార్జ్ చేసినా తిరిగి రాదు.

మరి జీరో చేసి పెడితే? అది ఇంకా దారుణం. పక్కన పెట్టినా బ్యాటరీ నెలకు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. వోల్టేజ్ మరీ పడిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి వేరే చోట పేరుకుని లోపలే షార్ట్ అవ్వొచ్చు. చచ్చిన బ్యాటరీకి "కరెంట్ షాక్" ఇచ్చి లేపే వీడియోలు చూసి ప్రయోగాలు చేయకండి ప్లీజ్.

కాబట్టి 40 నుంచి 60 శాతం మధ్య ఆపండి. పవర్ బ్యాంక్‌కి నాలుగు లైట్లుంటే రెండు వెలిగేలా చూసుకుంటే చాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ ఉన్నా పని జరుగుతుంది: విడి సెల్ అయితే 3.8 వోల్ట్‌ల దగ్గర, రెండు సెల్స్ ఉండే కెమెరా బ్యాటరీ అయితే 7.6 దగ్గర. పాత ఐఫోన్ దాచాలన్నా ఆపిల్ చెప్పేది ఇదే: సగం ఛార్జ్, స్విచ్ ఆఫ్, 32 డిగ్రీల లోపు, ఆరు నెలలకోసారి మళ్లీ సగానికి. మన ఎండలకి నేనైతే మూడు నెలలకోసారి చూస్తాను.

ఎక్కడ పెట్టాలి? కింది అంతస్తులో, బీరువా అడుగు అరలో. మందపాటి సున్నపు గోడల పాత ఇల్లయితే మీ అదృష్టం. ఫ్రిజ్ గురించి చాలామంది అడుగుతారు. చల్లదనం మంచిదే కానీ తేమ పడదు. జిప్‌లాక్ కవర్‌లో గాలి తీసేసి పెట్టాలి, బయటకి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకూడదు. ఫ్రీజర్ మాత్రం అస్సలు వద్దు. టెర్మినల్స్‌కి ప్లాస్టిక్ క్యాప్ లేదా టేప్ వేయండి. తాళాలు, చిల్లర ఉన్న పౌచ్‌లో విడి సెల్స్ పడేస్తే షార్ట్ అవ్వడానికి క్షణం పట్టదు.

భయపెట్టాలని కాదు గానీ, 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది చనిపోయారు. మంటలు మొదలైంది కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో, పొగ మాత్రం మెట్ల దారిలో పైకి ఎక్కింది. స్కూటర్ ప్యాక్‌తో పోలిస్తే కెమెరా బ్యాటరీ చాలా చిన్నదే. కానీ ఫైరింజన్ దూరని గల్లీల్లో, ఒకే మెట్ల దారి ఉన్న ఇళ్లలో ఉంటున్నాం మనం. బ్యాటరీల డబ్బా ఆ మెట్ల కింద గానీ, తలుపు పక్కన గానీ పెట్టకండి.

ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జ్ పెట్టొద్దు. పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో వేసి, మూత బిగించకుండా ఇంటి బయట నీడలో ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకి ఇచ్చేయండి. చెత్త ఆటోలో వేస్తే ఆ చెత్తని నొక్కే చోట అంటుకుంటుంది, అక్కడ పనిచేసే వాళ్ల చేతుల్లో.