కెంట్‌మియర్ లోయ: పోయిన సరస్సు, కట్టిన జలాశయం

ఇంగ్లాండు వాయవ్య భాగంలోని కంబ్రియాలో, 1951లో జాతీయ ఉద్యానంగానూ 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగానూ గుర్తింపు పొందిన లేక్ డిస్ట్రిక్ట్ కొండసీమలో, విండర్మియర్ సరస్సు ఒడ్డున మూగే సందర్శకులలో చాలామంది తొంగి చూడని లోయ కెంట్‌మియర్. స్టేవ్‌లీ గ్రామం, కెండల్ పట్టణం మీదుగా మోర్‌కాంబ్ అఖాతానికి చేరే కెంట్ నది పుట్టేది ఇక్కడే. ఊరి చర్చి నుండి ఎగువ జలాశయం వరకు నాలుగైదు కిలోమీటర్లు సాగే నడకదారి కొండల అందం చూడవచ్చిన వారిని తృప్తిపరచడమే కాక, నీటి కోసం మనిషి ఒకే లోయలో ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన రెండు పనులను ఎలా చేశాడో కూడా చూపిస్తుంది.

మొదటి పని ఊరికి దిగువన జరిగింది. అక్కడ సహజంగా ఏర్పడిన సరస్సును సాగుభూమి కోసం 1840 ప్రాంతంలో కాలువలు తీసి ఎండగట్టారు. కాని బయటపడిన నేల చిత్తడిగానే మిగిలి, ఆశించిన ఫలం ఇవ్వలేదు. సరస్సు అడుగున డయాటమైట్, అంటే సిలికా పెంకులు గల సూక్ష్మమైన నాచు జీవులు వేల ఏళ్లుగా పేరుకోగా ఏర్పడిన తెల్లని మెత్తటి మట్టి ఉండటంతో, వడపోతకూ ఉష్ణ నిరోధక సామగ్రికీ పనికివచ్చే ఆ పదార్థాన్ని ఇరవయ్యో శతాబ్దంలో తవ్వి తీశారు. ఆ తవ్వకాలలోనే 1955లో దుంగను తొలిచి చేసిన మధ్యయుగపు పడవ బయటపడింది. తవ్విన గుంతలు నీటితో నిండగా నేడు అక్కడ మళ్లీ ఒక చిన్న సరస్సు ఉంది.

ఊరికి పడమరగా కనిపించే కెంట్‌మియర్ హాల్‌లో పద్నాలుగో శతాబ్దపు పీల్ టవర్ ఒకటి శిథిలంగా నిలిచి ఉంది. స్కాట్లండు సరిహద్దు నుండి వచ్చే దోపిడీ దండుల బారి నుండి తప్పించుకునేందుకు సంపన్న కుటుంబాలు కట్టుకున్న మందపాటి గోడల బురుజును ఆ పేరుతో పిలిచేవారు. ఉత్తర ప్రాంతాలలో మతబోధకుడిగా, దానశీలిగా పేరు పొందిన బెర్నార్డ్ గిల్పిన్ 1517లో జన్మించింది ఈ ఇంటిలోనే. ఊరు దాటిన తరువాత దారి, సున్నం గాని అడుసు గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడల నడుమ, గొర్రెల మేత పొలాల గుండా ఉత్తరానికి సాగుతుంది.

లోయను మూడు వైపులా చుట్టిన ఎత్తైన కొండలను స్థానికులు ఫెల్‌లు అంటారు. చెట్లు పలచగా, గడ్డి దట్టంగా ఉండే ఈ కొండలు చాలావరకు గోడలు లేని మేత భూములు కాగా, ఏ మంద ఏ భాగంలో మేయాలో తల్లి గొర్రె నుండి పిల్ల నేర్చుకోవడం వల్ల కంచె లేకున్నా మందలు తమ మేరలోనే ఉంటాయి. హెఫ్టింగ్ అనే ఈ అలవాటు చెడితే మళ్లీ నేర్పడం కాపరికి ఏళ్ల శ్రమ. సుమారు నలభై ఐదు కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శిలలను మంచుయుగపు హిమానీనదాలు ఒరుసుకుంటూ పోవడం వల్ల లోయ అడుగు వెడల్పుగా, పక్కలు నిటారుగా మారాయి. పడమట యోక్, 757 మీటర్ల ఇల్ బెల్, ఫ్రాస్విక్ శిఖరాలు వరుస తీరగా, లోయకు తలవైపున 828 మీటర్ల హై స్ట్రీట్ అడ్డంగా నిలుస్తుంది. బ్రూమ్, ఆంబుల్‌సైడ్ కోటలను కలుపుతూ రోమన్లు వేసిన బాట దాని మీదుగానే పోయింది. తరువాతి కాలంలో కాపరులు తప్పిపోయిన గొర్రెలను మార్చుకునేందుకు ఏటా ఆ శిఖరం మీదే కూడి, పనిలో పనిగా గుర్రప్పందేలు కూడా జరుపుకునేవారు.

మనిషి చేసిన రెండో పని లోయ ఎగువన జలాశయం కట్టడం. జలాశయం అనగానే తాగునీరో సాగునీరో తలచుకునే తెలుగు పాఠకునికి, 1848లో పూర్తయిన ఈ కట్టడం ఉద్దేశం కొత్తగా తోచవచ్చు. దిగువన నూలు మిల్లులకు కొయ్య కండెలు చేసే కార్ఖానాలు, కాగితపు మిల్లులు, ఉన్ని మిల్లులు నదీప్రవాహంతో తిరిగే చక్రాల మీద ఆధారపడి ఉండేవి. వాన పడగానే పొంగి, ఆగగానే సన్నగిల్లే కెంట్ నది వాటికి నిలకడైన శక్తినివ్వలేకపోయేది. నీటిని కొంతకాలమైనా పట్టి ఉంచే సహజ సరస్సు పోయిన పదేళ్లలోపే ఎగువన మట్టికట్ట వేయవలసి రావడాన్ని కేవలం కాకతాళీయంగా భావించడం కష్టం. ఇలాంటివి మరికొన్ని కట్టాలన్న ఆలోచన ఉన్నా, పూర్తయింది ఇదొక్కటే. కాలక్రమంలో నీటి చక్రాలు మూలపడటంతో దాని అసలు అవసరం తీరిపోయింది.

కట్ట మీద నిలిచినవారికి ఒక పక్క రాతితో కట్టిన అలుగు, దగ్గరలోనే పాత పలకరాతి గనుల గుట్టలు కనిపిస్తాయి. తిరుగుదారిలో నదికి తూర్పు ఒడ్డున పాత పొలాల మీదుగా ఊరు చేరవచ్చు. ఓపిక ఉన్నవారు శిఖరాల వెంబడి సాగే కెంట్‌మియర్ హార్స్‌షూ అనే పెద్ద చుట్టును ఎంచుకుంటారు గాని, మబ్బు కమ్మితే దారి కనబడని ఆ మార్గానికి పటమూ దిక్సూచీ వెంట ఉండాలి, రోజంతా కేటాయించాలి.